ఇల్లు లేని దర్వాజలు

మాకు దర్వాజ ఉంది, ఇల్లు లేదు. ఈ మాట నేను ఎవరితోనూ అనను. మా ఆవిడ అంటుంది. కొత్తగా పరిచయమైనవాళ్లు "సొంతిల్లేనా?" అని అడిగితే, "దర్వాజ వరకు సొంతమే" అని జవాబు చెప్పి, నా ముఖం ఎట్లా మారుతుందోనని ఓరగా చూస్తుంది.

మన్సూరాబాద్‌లో ఒక కాలనీ చివర రెండు వందల గజాల జాగా మాది. అందులో రోడ్డు వైపు, రెండు ఇటుక దిమ్మెల మధ్య, పదకొండున్నర అడుగుల టేకు దర్వాజ నిలబడి ఉంటుంది. దాని వెనుక గోడ లేదు, కప్పు లేదు. గడ్డి ఉంటుంది. వానాకాలంలో గడ్డి ఎక్కువగా ఉంటుంది. పైన అడ్డంగా ఉన్న పైకమ్మీ మీద జానెడున్నర ఎత్తున తీగలు, తీగల మధ్య చిలకలు చెక్కి ఉంటాయి. గడప నడుమ నాలుగు తరాల కాళ్లకు అరిగి పళ్లెంలా గుంత పడింది.

అది మా తాతగారి ఇంటి దర్వాజ. దిల్‌సుఖ్‌నగర్ ఇంకా దిల్‌సుఖ్‌నగర్ కాకముందు అక్కడ మాకు ఊరుండేది, ఊళ్లో ఆ ఇల్లుండేది. మెట్రో దిగి బట్టల షాపుల వైపు నడిచేటప్పుడు, ఇది మా జొన్నచేను, ఇక్కడి నుంచి మామిడితోట అని నా కాళ్లు ఇప్పటికీ లెక్క చెప్పుకుంటాయి. అంతా ఎట్లా పోయిందని అడిగేవాళ్లున్నారు. ఒక్కసారి పోలేదు. తాతగారి కోర్టు పట్టుదలలకు కొంత, మా నాన్నగారు అడిగినవాళ్లకు కాదనలేకపోవడం వల్ల కొంత. నా వరకు వచ్చేసరికి పోగొట్టడానికి ఇల్లు ఒక్కటే మిగిలింది. అదీ రోడ్డు వెడల్పులో పోయింది. నీకేం కావాలని దాయాదులు అడిగితే దర్వాజ కావాలన్నాను. సంతోషంగా ఇచ్చేశారు. వాళ్ల సంతోషం ఎందుకో, పదిమంది కలిసి దాన్ని లారీకి ఎక్కించేటప్పుడు అర్థమైంది.

మా వైపు ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ నిలబెట్టడం చిన్న పండుగ. గడప కింద నవధాన్యాలు పోసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, అయిదుగురు ముత్తైదువుల చేత చేయి వేయించి లేపుతారు. ఆ తర్వాత అది ఉత్త కర్ర కాదు, కదిలించకూడదు. అయితే ఎవరైనా ముందు పునాది తీస్తారు, బేస్‌మెంట్ పోస్తారు, అప్పుడు దర్వాజ లేపుతారు. నేను ముందు దర్వాజ లేపాను. ముహూర్తం బాగుంది, పైగా కిరాయి ఇంటి మెట్ల కింద పడి ఉన్న తాతగారి దర్వాజను చూడలేకపోయాను. ఇల్లు ఎట్లాగూ వస్తుంది కదా అనుకున్నాను. ఆ దర్వాజకు తగినట్టుగా భవంతి, చుట్టూ తొమ్మిది గదులు, ముందు పెద్ద హాలు గీయించాను. ఇంజినీరు గీసిన కాగితం చూసి నా కళ్లు చెమర్చాయి. కింద ఆయన రాసిన అంచనా చూసి మా ఆవిడ కళ్లు చెమర్చాయి.

తొమ్మిదేళ్లయింది.

ఈ తొమ్మిదేళ్లూ ప్రతి ఆదివారం నేను ఎల్‌బీ నగర్ దాకా బస్సులో, అక్కడి నుంచి షేర్ ఆటోలో పోయి దర్వాజకు నూనె రాసి వస్తున్నాను. గృహప్రవేశం కాలేదు కాబట్టి దాని లోంచి నడవను. పక్కనుంచి తిరిగి వెనక్కి పోతాను. ఇంకెవరినీ నడవనివ్వను. ఆటోవాళ్లు ఆ స్టాపును "దర్వాజ" అనే పిలుస్తారు. ఈ సంగతి నాకు కొంచెం గర్వంగానే ఉండేది. కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఏళ్లు పనిచేసినా నా పేరు మీద ఏ స్టాపూ రాలేదు.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనుక సందులో, మూడో అంతస్తులో, రెండు గదుల కిరాయి ఇంట్లో. లిఫ్టు లేదు. మా ఆవిడ సర్కారు బడిలో లెక్కల టీచరుగా పనిచేసి కిందటేడు రిటైర్ అయింది. ముప్ఫై అయిదేళ్లు నిలబడి పాఠాలు చెప్పిన మోకాళ్లు ఆమెవి. మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆగి, కిటికీలోంచి వీధిలో ఏదో చూస్తున్నట్టు నిలబడుతుంది. ఆ కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ తప్ప ఏమీ లేదు.

రిటైర్ అయిన వారానికే తీర్పు చెప్పింది.

"ఇగ నాతోని గాదు. గా దర్వాజ ఎనక రెండు రూములు ఏపియ్యుండ్రి. లేకపోతే తమ్మునికి చెప్పి జాగ బిల్డర్‌కియ్యుండ్రి, ఫ్లాట్లు కట్టి మనకొకటిస్తడు. దసరా దాంక టైమిస్తున్న."

"పదకొండున్నర అడుగుల దర్వాజకు రెండు రూములా? చూసినోళ్లు ఏమంటరు?"

"ఇప్పుడేమంటుండ్రో మీకు ఎరికేనా?"

ఎరికే. అయినా ఒప్పుకోలేదు. బిల్డర్‌కిస్తే దర్వాజ తీసేయాలి. రెండు గదులు వేస్తే దర్వాజ నవ్వులపాలు. నా తలలో ఈ రెండింటికీ తేడా లేదు.

ఆమె తమ్ముడు, అంటే మా బామ్మర్ది, తుర్కయంజాల్‌లో ప్లాట్లు కొంటాడు, అమ్ముతాడు. బావను ఆటపట్టించడం తన జన్మహక్కు అనుకునే రకం.

"బావా, దర్వాజకు కరెంటు మీటరు పెట్టియ్యాల్నా? ఇంటి నంబరు సుత తీసుకుందం. రేపటికాడికి ఓటర్ లిస్టులకు ఎక్కుతది."

నేను మాత్రం వీపు నిటారుగా పెట్టుకొని టీ తాగుతాను. "చూడక్క, బావ స్తంభమైండు" అంటాడు వాడు. "దర్వాజకు జోడి కావాల్నంటే బావనే నిలబెడదం."

ఈ గడువు నడుస్తుండగానే గ్రీసు ప్రయాణం వచ్చింది. మా ఆవిడతో పాటు రిటైరైన సోషల్ టీచరమ్మ ఒకామె ఉంది. తెనాలి వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడినవాళ్లు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు గ్రీసు పాఠం చెప్పిందట, ఒక్కసారి కూడా చూడలేదట. "చూడకుండా చెప్పింది చాలు వదినా, అబద్ధమాడినట్టుంది నాకు" అని మా ఆవిడను ఒప్పించింది. ఇంకో ఏడుగురు టీచర్లు కలిశారు. ఇంటి ఆడమనిషి సముద్రాలు దాటి పోతుంటే నేను ఇంట్లో కూర్చోవడం మర్యాద కాదు కాబట్టి రక్షణగా నేనూ బయలుదేరాను. టికెట్టు మా ఆవిడ కొన్నది. ఎవరు ఎవరిని రక్షించారన్నది ఆమె వేరేగా చెబుతుంది.

ఓడలో ఆ ద్వీపానికి పోతున్నప్పుడు నాకు కడుపులో తిప్పింది. మూడు గంటలు, ఎప్పుడూ తొడిగే నా బంద్‌గలా కోటుకు మెడదాకా గుండీలన్నీ పెట్టుకొని, కళ్లు మూసుకొని, కదలకుండా కూర్చున్నాను. టీచరమ్మలు పులిహోర పొట్లాలు విప్పారు.

"అన్నయ్యగారు ధ్యానంలో ఉన్నారండీ, కదపకండి" అంది సోషల్ టీచరమ్మ.

"ధ్యానం గాదు, ఉప్పు నీళ్ల మీద కోపం" అంది మా ఆవిడ, నా చేతిలో ఒక నిమ్మకాయ పెడుతూ.

ద్వీపం పేరు మా ఆవిడకు నోటికి వస్తుంది, నాకు ఈనాటికీ నోరు తిరగదు. రేవులోకి ఓడ మళ్లగానే ఎవరో "అదిగో" అన్నారు. కళ్లు తెరిచాను.

ఊరికి కొంచెం ఎడంగా, నీళ్లలోకి పొడుచుకుపోయిన ఒక దిబ్బ. దిబ్బ మీద ఒక దర్వాజ. తెల్లరాతి నిలువు కమ్మీలు రెండు, పైన అడ్డంగా ఇంకో రాయి, కింద గడప రాయి. అంతే. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. దాని లోంచి అవతలి సముద్రం కనిపిస్తోంది.

ఓడ మీదున్నవాళ్లంతా ఫోన్లు తీశారు. మా ఆవిడ తీయలేదు. ముందు దర్వాజను చూసింది, తర్వాత నన్ను చూసింది, మళ్లీ దర్వాజను చూసింది.

నేను మాత్రం, నిజం చెప్పాలంటే, పొంగిపోయాను. ఇంత దూరంలో, ఇంత పేరున్న దేశంలో, నాలాగే ఆలోచించినవాడు ఒకడున్నాడు. ముందు దర్వాజ లేపాడు.

దిబ్బకు పోవడానికి సముద్రం మధ్యలోంచి రాళ్ల కట్ట ఉంది. గాలి మనిషిని నిలవనివ్వదు. చీర కొంగులు పతంగుల్లా లేచాయి. మా గైడు ఆ ద్వీపంలోనే పుట్టిన నడివయసు మనిషి, మెల్లగా ఇంగ్లీషు మాట్లాడేది. పైకి చేరగానే చెప్పడం మొదలుపెట్టింది. రెండున్నర వేల ఏళ్ల కింద ఈ ద్వీపాన్ని ఏలినవాడు, చుట్టుపక్కల ఎవరికీ లేనంత పెద్ద గుడి కావాలనుకున్నాడు. ఒక్కో రాయి ఏనుగంత బరువు. పని నడుస్తుండగా యుద్ధం వచ్చింది, ఏలినవాడు పోయాడు, పని ఆగింది. గుడి పూర్తి కాలేదు.

"దేవుడిని పెట్టనేలేదా?" అని సోషల్ టీచరమ్మ అడిగింది.

"లేదు" అంది గైడు.

నేను గొంతు సవరించుకొని, మాకు కూడా ఇట్లాంటిది ఒకటుందని ఇంగ్లీషులో చెప్పాను. చిన్నది, కర్రది, కానీ నాలుగు తరాలది. గైడు ముఖం వెలిగింది. "నిజమా? మీరు దాని వెనుక ఉంటారా?" అంది.

"ప్రస్తుతానికి లేదు" అన్నాను.

"మరి ఎవరుంటారు?"

వెనుక నుంచి మా ఆవిడ తెలుగులో చెప్పింది: "గడ్డి ఉంటది."

టీచరమ్మలు నవ్వారు. గైడుకు అర్థం కాలేదు. నేను అనువాదం చేయలేదు.

తర్వాత జరిగినది మావాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. దర్వాజ దగ్గరికి పోగానే తొమ్మిదిమంది టీచరమ్మలూ ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచారు. గడప ముందు మోకాలెత్తున తాడు కట్టి ఉంది, లోపలికి పోకూడదని బోర్డు ఉంది. బోర్డు చదివారు, చదువుకున్నవాళ్లే. కానీ మా ఆవిడ చూపు గడప మీద ఉంది. సంచిలోంచి పసుపు కుంకుమల చిన్న స్టీలు డబ్బీ తీసింది. అది లేకుండా ఆమె విమానం ఎక్కదు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"గింత పెద్ద దర్వాజ. లేపిననాడు పసుపు రాసిండ్రో లేదో. అందుకే పని ఆగిందేమో."

"వదినా, నా దగ్గర ఎండుకొబ్బరి చిప్ప ఉందండీ" అంది సోషల్ టీచరమ్మ. ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషి!

నేను వద్దనే లోపలే మా ఆవిడ తాడు కింద నుంచి చేయి పెట్టి, వంగి, ఒక మోకాలు నేలకు ఆనించి, గడప రాయి అంచున పసుపు రాసింది. మూరెడు పొడవు రాసింది. దాని మీద మూడు బొట్లు పెట్టింది. తెల్లరాయి మీద పసుపు ఎండకు మెరిసింది. కళ్లు మూసుకొని దండం పెట్టుకుంది.

అప్పుడు ఈల వినిపించింది.

కావలిమనిషి దిబ్బ దిగువ నుంచి ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు. టీచరమ్మలు చెదిరిపోయారు, బడిలో హెడ్‌మాస్టరు వచ్చినప్పుడు పిల్లలు చెదిరిపోయినట్టు. మా ఆవిడ లేవబోయింది. లేవలేకపోయింది. మోకాలు పట్టేసింది. రెండు చేతులూ రాయి మీద పెట్టి ఒకసారి ప్రయత్నించింది, మళ్లీ ప్రయత్నించింది. తలెత్తి చుట్టూ చూసింది. మా మెట్ల మీద కిటికీ దగ్గర నిలబడేటప్పుడు ఆమె వీపు మాత్రమే నాకు కనిపిస్తుంది. ఆ ముఖం ముందు నుంచి చూడడం అదే మొదటిసారి.

నేను పోయి చంకల కింద చేతులు వేసి లేపాను. కావలిమనిషి వచ్చి గడపను చూసి, నెత్తిన చేయి పెట్టుకొని, ఎవరు చేశారని అడిగాడు. గైడు అతని మాటలను ఇంగ్లీషులోకి మార్చింది.

"నేనే" అన్నాను.

కావలిమనిషి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. బంద్‌గలా కోటు, గుండీలన్నీ పెట్టి. నాలాంటి మనిషి ఇట్లాంటి పని చేస్తాడని అతనికి నమ్మకం కుదిరినట్టు లేదు. అయినా తన నీళ్ల సీసా నా చేతికిచ్చి, గడపను చూపించి, తుడవమని వేలితో సైగ చేశాడు.

తాతగారి కాలంలో మా ముందు మనుషులు వంగేవారు. అది మంచిదని ఇప్పుడు అనను, కానీ అట్లా పెరిగాను. ఆ రోజు రెండు మోకాళ్లూ నేల మీద పెట్టి, నా తెల్ల చేతిరుమాలు తడిపి, పరదేశంలో పరాయివాళ్ల గడప తుడిచాను. చుట్టూ ఇరవై దేశాల జనం. పసుపు సంగతి వంట చేసేవాళ్లకు తెలుసు. తుడిచినకొద్దీ పరుచుకుంటుంది. మూరెడున్నది రెండు మూరలైంది.

"అన్నయ్యగారూ, ఆ మూల ఇంకా ఉందండీ" అంది సోషల్ టీచరమ్మ, దూరం నుంచి.

"ఒత్తి తుడువుండ్రి. ఇంట్ల ఎన్నడన్న బండ తుడిచిన అలవాటుంటే గద" అంది మా ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. మోకాలు పట్టుకొని ఒక బండ మీద కూర్చుంది.

తుడుస్తూ తుడుస్తూ ఆ గడపను దగ్గరగా చూశాను. ఉలి దెబ్బలు నిన్న కొట్టినట్టే ఉన్నాయి. నడుమ గుంత కోసం నా వేళ్లు వెతికాయి. మా గడపకు నూనె రాసేటప్పుడు చేయి దానంతట అదే ఆ గుంతలోకి దిగుతుంది. మా తాతమ్మ, మా నాయనమ్మ, మా అమ్మ, పాలు తెచ్చేవాళ్లు, పంచాయతీకి వచ్చేవాళ్లు, అందరూ కలిసి చేసిన గుంత అది. ఈ రాయికి అది లేదు. చదునుగా, కొత్తగా ఉంది. రెండున్నర వేల ఏళ్లలో ఒక్క ఇల్లాలు కూడా దీన్ని దాటి లోపలికి పోలేదు. ఇంత అందమైన పని చేసినవాడు, లోపల ఎవరూ లేకుండా ఒక గుమ్మాన్ని గాలికి వదిలి పోయాడు. కాసేపటి కింద వాడిని నాలాగే ఆలోచించినవాడని మెచ్చుకున్నాను.

నాలుగో సీసా నీళ్లకు పసుపు పోయింది. కావలిమనిషి వంగి చూసి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నా భుజం ఎవరూ తట్టరు. ఊరుకున్నాను.

దిగి వచ్చి రేవు దగ్గర కాఫీకి కూర్చున్నాం. మిగతా గుడి రాళ్లు ఏమయ్యాయని గైడును అడిగాను. అదే నన్ను తొలుస్తోంది.

"ఊళ్లో ఉన్నాయి. గోడలకు తెచ్చిన రాళ్లు జనం మోసుకుపోయి ఇళ్లకు పెట్టుకున్నారు. ఆ కొండ మీద కోటకు కూడా అవే. మా అమ్మమ్మ ఇంట్లో వంటగది మెట్టు ఆ గుడి రాయే అంటారు. దర్వాజ మరీ బరువని వదిలేశారు."

"దేవుడి రాళ్లు తీసుకుపోవడానికి సిగ్గనిపించలేదా?"

ఆమె భుజాలెగరేసింది. "దేవుడు ఇంకా దిగలేదు కదండీ."

సోషల్ టీచరమ్మ దీన్ని పూర్తిగా తెలుగులో చెప్పేసరికి మా ఆవిడ కాఫీ పొలమారేంతగా నవ్వింది. "అయితే ఆయన గూడ అప్పటిదాంక కిరాయికే ఉన్నడన్నట్టు. పాపం, మూడో అంతస్తుల."

అందరితో పాటు నేనూ నవ్వాను. నేను నవ్వినందుకు వాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు.

మర్నాడు పొద్దున తిరుగు ఓడలో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ దర్వాజ చిన్నదవుతూ, అగ్గిపెట్టె అంతై, మలుపులో కనిపించకుండా పోయింది.

"రెండు రూములు సరిపోతయా?" అన్నాను.

"దేనికి?"

"ఉండేతందుకు."

ఆమె కొంగు సర్దుకుంది. "వంటిల్లుతోని కలిపి రెండైతే చాలదు. వంటిల్లు కాక రెండు."

"అంటే మూడు."

"లెక్కల టీచర్ని నేను. మూడని నాకు ఎరికే. మిమ్ములను రెండుకు ఒప్పిచ్చి, అటెన్క మూడు చేద్దామనుకున్న."

శంషాబాద్‌లో దిగేసరికి బామ్మర్ది కారుతో వచ్చి ఉన్నాడు. "ఏం జూసొచ్చినవ్ బావా?" అన్నాడు.

"దర్వాజ చూసొచ్చాం బాబూ" అంది సోషల్ టీచరమ్మ, వెనక సీట్లో సర్దుకుంటూ. "గోడల్లేవు, కప్పు లేదు. సముద్రం ఒడ్డున ఉత్త దర్వాజ."

బామ్మర్ది స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. "గంత దూరం, గన్ని పైసలు పెట్టుకొని దర్వాజ జూసొచ్చిండ్రా? మన్సూరాబాద్‌కు షేర్ ఆటోల పోతే అయిపోవు గద!"

"రేపు పొద్దున మేస్త్రిని పట్టుకొని దర్వాజ కాడికి రా" అన్నాను.

"ఎందుకు?"

"ఇల్లు కడుతున్నం."

వాడు అద్దంలోంచి వాళ్లక్కను చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర కారు పక్కకు ఆపి మేస్త్రికి ఫోన్ చేశాడు.

మేస్త్రి మీర్‌పేట్ మనిషి, పాతకాలపు చేయి. టేపుతో దర్వాజను కొలిచి, జాగా కొలిచి, చెవి వెనుక పెన్సిల్ పెట్టుకొని లెక్క చూశాడు.

"పటేలా, మూడు రూములకు పది అడుగుల స్లాబు మస్తు. కని దర్వాజ పదకొండున్నర. కడప నుంచి పైకమ్మీ కిందికి సరిగ్గ పది. చిలకలు చెక్కిన కమ్మీ అడుగున్నర మీదికి పోతది. దాన్ని కోయాలె. లేదంటె మొత్తం స్లాబు లేపాలె. స్లాబు లేపితే పైసలు అండ్లనే అయిపోతయి, మూడో రూము కాదు."

బామ్మర్ది నా వైపు చూశాడు. మా ఆవిడ నేల వైపు చూసింది. మూడో గది వద్దులే అనడానికి ఆమె నోరు తెరుస్తోందని నాకు తెలిసింది.

"కోసేది లేదు" అన్నాను. "స్లాబు లేపేది లేదు. స్లాబు పది అడుగులకే ఏయి. కమ్మీ మీదికి పోనీ."

"మిద్దె మీదికి పొడుసుకొస్తది పటేలా. ఇంటికంటె దర్వాజ ఎత్తుంటది. జనం నవ్వుతరు."

"నవ్వనీ."

మేస్త్రి బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది, "ఆయన అన్నది రాసుకో, మళ్ల మార్చకముందే" అన్నాడు.

దసరాకు పునాది పడింది, ఉగాదికి ముందు పాలు పొంగించాం. అయిదుగురు ముత్తైదువుల్లో సోషల్ టీచరమ్మ ఒకామె. మా ఆవిడ కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. ఆమె వెనుక నేను దాటాను. తొమ్మిదేళ్లు పక్కనుంచి తిరిగిన మనిషిని, అలవాటు కొద్దీ ముందు గోడ వైపు అడుగు వేశాను. బామ్మర్ది నా భుజాలు పట్టి దారిలో పెట్టాడు.

జనం నవ్వారు. ఇప్పటికీ నవ్వుతారు. ఇంటికి కిరీటం పెట్టారా అని అడిగినవాళ్లున్నారు. కమ్మీకి, స్లాబుకు మధ్య సందులోంచి మొదటి వానకే నీళ్లు కారాయి. మేస్త్రి మూడుసార్లు వచ్చి మూడు రకాలుగా పూశాడు, నాలుగో రకం ఏదో ఆలోచిస్తున్నాడు. అంతవరకు హాల్లో ఒక బకెట్ ఉంటుంది. మా ఆవిడ బకెట్ తప్పించుకుంటూ వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వాకిట్లోకి తిరుగుతుంది. ఎక్కడా ఆగి గోడలు చూడదు. డాబా మెట్లు మాత్రం వారానికి ఒకసారి ఎక్కుతుంది, అదీ తన ఇష్టంతో.

మొన్న అట్లా ఎక్కినప్పుడు ఎండ తగ్గుతోంది. మిద్దె మీదికి పొడుచుకొచ్చిన మా తాతగారి కమ్మీ అక్కడ అడుగున్నర ఎత్తు గట్టులా ఉంటుంది. జానెడు వెడల్పు. మా ఆవిడ కొంగుతో దుమ్ము దులిపి దాని మీద కూర్చుంది. అది ముక్కోటి దేవతలకు దండం పెట్టి లేపిన దర్వాజ అని, మా తాతగారు తలపాగాతో దాని కింద నుంచి నడిచారని చెప్పబోయాను.

"ఎరికే" అంది. "మీ తాత దీని కిందికెళ్లి నడిచిండు. మీరు దీని మీద కూసుంటరు. ఎవరు ఎత్తుల ఉన్నట్టు? చెప్పుండ్రి."

లెక్కల టీచరుతో లెక్కలో వాదించలేను. కోటు కింది గుండీ ఒకటి విప్పి, ఆమె పక్కన కూర్చున్నాను.